కరెంటు పోయినా మరచిపోని చిప్: ఎండ దేశంలో విద్యుత్ ఆదా లెక్క

దోహా: అల్ తుమామా అనగానే ఖతార్‌లో ఉన్న తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది తెల్లటి టోపీలాంటి స్టేడియం. అరబ్బులు తలపై పెట్టుకునే గహ్‌ఫియా ఆకారంలో ఖతార్ ఆర్కిటెక్ట్ ఇబ్రహీం జైదా దీన్ని రూపొందించారు. 2021 అక్టోబర్ 22న అమీర్ కప్ ఫైనల్‌తో ప్రారంభమై, 2022 ప్రపంచకప్ మ్యాచ్‌లకు వేదికైంది. లోపల ప్రేక్షకులకు చల్లటి గాలి ఉంటుంది. బయట రోడ్ల పక్కన కెమెరాలు, సిగ్నల్ పెట్టెలు, టెలికాం క్యాబినెట్లు మాత్రం ఎండలోనే ఉంటాయి.

ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదన్న నిబంధన 2021 నుంచి అమల్లో ఉంది. సైట్లలో పనిచేసే మనవాళ్లకు ఇది బాగా తెలుసు. మనిషికి ఆ విరామం ఉంది. రోడ్డు పక్కన పెట్టెలో ఉన్న చిప్‌కు మాత్రం లేదు. పని ఉన్నా లేకపోయినా అది కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. పైగా ఎండ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ తీసుకుంటుంది.

ఆ చిప్‌ను పని లేనప్పుడు ఆపేస్తే సరిపోదా? కొన్ని రకాల చిప్‌లను అంత సులువుగా ఆపలేం. ఆపితే తాము చేయాల్సిన పనినే మరచిపోతాయి. ఈ మరుపును పోగొట్టి, తద్వారా కరెంటు ఆదా చేసే పద్ధతి గురించే ఈ వ్యాసం. ఎలక్ట్రానిక్స్ చదివినవారికే కాకుండా, ఇంట్లో ఈసీఈ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు, ఇక్కడ సెక్యూరిటీ కెమెరాలు, సోలార్ పరికరాల వ్యాపారంలో ఉన్నవారికి కూడా ఉపయోగపడేలా లెక్కలతో సహా వివరిస్తున్నాం.

తిరిగి మలచుకునే చిప్ అంటే ఏమిటి?

ఫోన్‌లోని ప్రాసెసర్ ఫ్యాక్టరీలో ఎలా తయారైందో చివరిదాకా అలాగే ఉంటుంది. దానిపై నడిచే సాఫ్ట్‌వేర్ మారుతుంది గానీ లోపలి సర్క్యూట్ మారదు. ఇందుకు భిన్నంగా, కొనుక్కున్న తర్వాత కూడా లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు మార్చుకునే చిప్‌లు ఉన్నాయి. వాటిలో ప్రధానమైనది ఎఫ్‌పీజీఏ, అంటే ఫీల్డ్ ప్రోగ్రామబుల్ గేట్ అరే. ఇవాళ కెమెరా బొమ్మల్ని శుద్ధి చేసే సర్క్యూట్‌గా వాడిన చిప్‌నే రేపు మోటారును నడిపే సర్క్యూట్‌గా మార్చుకోవచ్చు.

1984లో అమెరికాలో రాస్ ఫ్రీమన్, బెర్నీ వాండర్‌ష్మిట్, జేమ్స్ బార్నెట్ కలిసి జైలింక్స్ కంపెనీ పెట్టారు. 1985లో ఆ కంపెనీ తెచ్చిన ఎక్స్‌సీ 2064 మార్కెట్లోకి వచ్చిన తొలి ఎఫ్‌పీజీఏ. అందులో ఉన్నవి 64 లాజిక్ బ్లాకులు మాత్రమే. ఇప్పుడు పెద్ద చిప్‌లలో అవి లక్షల్లో ఉంటాయి.

ఎఫ్‌పీజీఏ లోపల ప్రధానంగా రెండు భాగాలుంటాయి. ఒకటి చిన్న చిన్న పట్టికలు. ఎక్కాల పుస్తకంలో చూసి జవాబు చెప్పినట్టు, ఏ ఇన్‌పుట్ వస్తే ఏ జవాబు ఇవ్వాలో ఈ పట్టికలో ముందే రాసి ఉంటుంది. ఆరు ఇన్‌పుట్ల పట్టికకు 64 గడులు కావాలి. రెండోది దారులు. ఏ పట్టిక జవాబు ఏ పట్టికకు వెళ్లాలో నిర్ణయించే వేలాది స్విచ్‌లు ఇవి. పట్టికల్లో ఏం రాయాలి, ఏ స్విచ్ వేయాలి, ఏది తీయాలి అన్న వివరమంతా కలిపి కాన్ఫిగరేషన్ అంటారు.

దీని పరిమాణం తెలియాలంటే కాలేజీ ల్యాబుల్లో విరివిగా కనిపించే ఆర్టిక్స్-7 కుటుంబంలోని చిన్న చిప్ ఎక్స్‌సీ 7ఏ 35టీ ని చూద్దాం. అందులో ఆరు ఇన్‌పుట్ల పట్టికలు 20,800 ఉన్నాయి. వాటికి కావలసింది దాదాపు 13.3 లక్షల బిట్లే. కానీ మొత్తం కాన్ఫిగరేషన్ ఫైలు 1,75,36,096 బిట్లు. లోపలి మెమరీ బ్లాకుల్లో మొదట నింపే సమాచారానికి కొంత పోగా, మిగిలినదంతా ఎక్కువగా దారుల అమరికకే. అంటే ఎఫ్‌పీజీఏ గుర్తుపెట్టుకోవలసిన దానిలో అసలు లెక్క కన్నా దారుల వివరమే ఎక్కువ.

వల్లెవేసుకుంటే గాని గుర్తుండని మెమరీ

అత్తారింట్లో కుడుములు తిని, ఆ పేరు మరచిపోకుండా దారి పొడుగునా వల్లెవేసుకుంటూ వచ్చిన అల్లుడి కథ మనందరికీ తెలిసిందే. దారిలో కాలువ దాటేటప్పుడు ఒక్క క్షణం వల్లె ఆగింది, పేరు పోయింది. ఇంటికి వెళ్లి భార్యకు ఏం వండాలో చెప్పలేకపోయాడు.

ఎక్కువ ఎఫ్‌పీజీఏలు కాన్ఫిగరేషన్‌ను దాచుకునే ఎస్‌ర్యామ్ మెమరీ సరిగ్గా ఆ అల్లుడిలాంటిది. ఒక్కో బిట్‌ను సాధారణంగా ఆరు ట్రాన్సిస్టర్లు కలిసి పట్టుకుని ఉంటాయి. కరెంటు ఉన్నంతసేపు అవి ఒకదానికొకటి ఆ విలువను చెప్పుకుంటూ ఉంటాయి. కరెంటు పోయిన మరుక్షణం అంతా చెరిగిపోతుంది. మళ్లీ ఆన్ చేసినప్పుడు పక్కనున్న ఫ్లాష్ చిప్ నుంచి కాన్ఫిగరేషన్ మొత్తాన్ని మళ్లీ లోపలికి ఎక్కించాలి.

ఇందుకు ఎంత సమయం పడుతుంది? పైన చెప్పిన చిన్న చిప్‌కు నాలుగు తీగల మీద 50 మెగాహెర్ట్జ్ వేగంతో ఎక్కిస్తే సెకనుకు 20 కోట్ల బిట్లు వెళతాయి. 1.75 కోట్ల బిట్లకు దాదాపు 88 మిల్లీసెకన్లు. ఒకే తీగ మీద 33 మెగాహెర్ట్జ్‌తో ఎక్కిస్తే అర సెకను దాటుతుంది. మనిషికి ఇది కనురెప్ప పాటు. కానీ సెకనులో వెయ్యో వంతులో స్పందించాల్సిన పరికరానికి ఇది చాలా పెద్ద ఆలస్యం. ఎక్కించేటప్పుడు ఖర్చయ్యే కరెంటు అదనం. అంతకుముందు సగంలో ఉన్న లెక్కలు కూడా పోతాయి కాబట్టి వాటిని వేరేచోట దాచుకోవాలి.

అందుకే చాలా పరికరాల్లో ఇంజనీర్లు ఒక రాజీకి వస్తారు. పని లేకపోయినా చిప్‌ను ఆన్‌లోనే ఉంచేస్తారు. ఖర్చు అక్కడ మొదలవుతుంది.

పని లేకపోయినా కరెంటు ఎందుకు?

చిప్‌లో కరెంటు ఖర్చు రెండు రకాలు. ట్రాన్సిస్టర్లు ఆన్, ఆఫ్ అవుతూ పని చేసేటప్పుడు అయ్యేది ఒకటి. ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కారిపోయేది రెండోది. దీన్ని లీకేజీ అంటారు. కుళాయి కట్టేసినా చుక్క చుక్క కారుతున్నట్టే. ఒక్క ట్రాన్సిస్టర్ నుంచి కారేది లెక్కలోకి రానంత తక్కువ. కానీ 1.75 కోట్ల బిట్లకు ఆరేసి చొప్పున చూస్తే, గుర్తుపెట్టుకోవడానికే దాదాపు పది కోట్ల ట్రాన్సిస్టర్లు. వాటికి తోడు పట్టికలు, దారులు, ఇతర సర్క్యూట్లు.

చిప్ కంపెనీలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2004లో వచ్చిన వర్టెక్స్-4 నుంచి జైలింక్స్ కాన్ఫిగరేషన్ గడుల్లో కాస్త మందమైన ఇన్సులేటర్ పొర ఉన్న ట్రాన్సిస్టర్లు వాడి లీకేజీని తగ్గించింది. కాన్ఫిగరేషన్ గడి వేగంగా మారాల్సిన పని లేదు కాబట్టి అది కుదిరింది. లెక్కలు చేసే భాగం మాత్రం వేగంగా ఉండాలి, అందువల్ల అక్కడ లీకేజీ మిగిలే ఉంది.

ఇక్కడే గల్ఫ్ ఎండ లెక్కలోకి వస్తుంది. లీకేజీ ఉష్ణోగ్రతతో నిదానంగా కాకుండా రెట్ల చొప్పున పెరుగుతుంది. దోహాలో 2010 జూలైలో 50.4 డిగ్రీలు నమోదైంది. ఎండలో ఉన్న మూసిన ఇనుప పెట్టె లోపల బయటి గాలికన్నా వేడి ఎక్కువ. దాని లోపలి చిప్ అంతకన్నా వేడి. లీకేజీ వల్ల చిప్ వేడెక్కుతుంది, వేడి వల్ల లీకేజీ పెరుగుతుంది. హైదరాబాద్‌లో ఏసీ ల్యాబులో 25 డిగ్రీల దగ్గర కొలిచిన అంకె దోహా రోడ్డు మీద చెల్లదు.

చెరగని మెమరీ రకాలు

కరెంటు లేకపోయినా రాసింది నిలిచి ఉండే మెమరీని నాన్ వోలటైల్ మెమరీ అంటారు. మన మాటల్లో చెరగని మెమరీ. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది ఇదే. దీన్ని ఎఫ్‌పీజీఏ పక్కన కాకుండా లోపల, ప్రతి పట్టికలో, ప్రతి స్విచ్ దగ్గర పెట్టడమే అసలు విషయం. ఇందుకు వచ్చిన పద్ధతులు ఇవి.

యాంటీఫ్యూజ్: మామూలు ఫ్యూజ్ కాలితే దారి తెగుతుంది. ఇది కాలితే దారి ఏర్పడుతుంది. ఒక్కసారే రాయగలం. 1985లో ప్రారంభమైన యాక్టెల్ కంపెనీ దీనికి పేరు పొందింది. మార్చుకునే వీలు లేకపోయినా రేడియేషన్‌కు చలించదు కాబట్టి ఉపగ్రహాల్లో విస్తృతంగా వాడారు.

ఫ్లాష్: ఇన్సులేటర్ మధ్యలో చిక్కుకున్న ఎలక్ట్రాన్ల రూపంలో విలువ నిలుస్తుంది. యాక్టెల్ 2006లో తెచ్చిన ఇగ్లూ చిప్‌లు ఈ కోవలోవే. కాన్ఫిగరేషన్‌ను, లోపలి లెక్కలను పోగొట్టుకోకుండా నిద్రపోయే ఏర్పాటు వాటిలో ఉంది. ఆ స్థితిలో చిన్న చిప్‌లు 5 మైక్రోవాట్లతో ఉండగలవని కంపెనీ ప్రకటించింది. మైక్రోవాట్ అంటే వాట్‌లో పది లక్షలో వంతు. యాక్టెల్‌ను 2010లో మైక్రోసెమి, మైక్రోసెమిని 2018లో మైక్రోచిప్ కొన్నాయి. 2017లో వచ్చిన పోలార్‌ఫైర్ చిప్‌లు 28 నానోమీటర్ల తయారీలో, సోనోస్ అనే మరో రకం చెరగని గడితో పనిచేస్తాయి.

ఎంర్యామ్: రెండు అయస్కాంత పొరల మధ్య అతి పలుచని మెగ్నీషియం ఆక్సైడ్ పొర. రెండు అయస్కాంతాలూ ఒకే దిక్కుకు ఉంటే కరెంటు తేలిగ్గా వెళుతుంది, ఎదురెదురుగా ఉంటే కష్టంగా వెళుతుంది. ఈ తేడానే సున్నా, ఒకటి. అయస్కాంతం దిక్కు నిలవడానికి కరెంటు అక్కర్లేదు. జపాన్‌లోని తొహోకు విశ్వవిద్యాలయంలో తకహిరో హన్యు బృందం ఈ పద్ధతిలో చెరగని పట్టిక చిప్‌ను 2009లో చూపించింది. 2015లో ఆరు ఇన్‌పుట్ల పట్టికలు 3,000 ఉన్న ఎఫ్‌పీజీఏను బ్లాకుల వారీగా కరెంటు ఆపే ఏర్పాటుతో తయారు చేసింది. అమెరికాలో ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్ శర్మ వృధుల బృందం కూడా 2012లో ఈ అయస్కాంత గడులతో, లీకేజీ తక్కువగా ఉండే లాజిక్ అరే నమూనాను ప్రతిపాదించింది.

రెసిస్టివ్ మెమరీ, ఆటమ్ స్విచ్: రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సన్నటి వంతెన ఏర్పడితే ఆన్, తెగితే ఆఫ్. జపాన్‌కు చెందిన ఎన్‌ఈసీ రాగి అయాన్ల వంతెనతో చేసిన ఎఫ్‌పీజీఏను జపాన్ అంతరిక్ష సంస్థ 2019 జనవరిలో ప్రయోగించిన రాపిస్-1 ఉపగ్రహంలో పరీక్షకు పంపారు. ఇక్కడ వంతెనే స్విచ్, వంతెనే మెమరీ. విడిగా ఆరు ట్రాన్సిస్టర్లు అక్కర్లేదు.

ఆదా ఎక్కడి నుంచి వస్తుంది?

చాలామంది పొరబడేది ఇక్కడే. చెరగని గడి పెట్టగానే కరెంటు ఖర్చు మాయం కాదు. గడి లీకేజీ తగ్గుతుంది, నిజమే. కానీ లెక్కలు చేసే భాగం, దారులు ఆన్‌లో ఉంటే అవి కారుతూనే ఉంటాయి. అసలు లాభం ఏమిటంటే, కాన్ఫిగరేషన్ పోతుందన్న భయం లేదు కాబట్టి ఆ బ్లాకు మొత్తానికి కరెంటు ఆపేయవచ్చు. చెరగని మెమరీ మనకు ఇచ్చేది నిశ్చింతగా స్విచ్ తీసేసే వీలు.

అయితే ఎంతసేపు ఆపితే లాభం? పడుకుని లేవడానికి కూడా కొంత ఖర్చుంది. ఆ ఖర్చుకు తగినంతసేపు నిద్ర ఉండాలి. ఒక ఉదాహరణ చూద్దాం. ఇవి ఏ ఒక్క చిప్‌కో చెందిన అంకెలు కావు, లెక్క కోసం తీసుకున్నవి.

ఎస్‌ర్యామ్ చిప్ ఊరికే ఉన్నప్పుడు 60 మిల్లీవాట్లు తీసుకుంటుందనుకుందాం. ఆపి మళ్లీ కాన్ఫిగరేషన్ ఎక్కించడానికి 0.1 సెకను పాటు 300 మిల్లీవాట్లు, అంటే 30 మిల్లీజౌళ్లు. 30ని 60తో భాగిస్తే అర సెకను. విరామం అర సెకను కన్నా ఎక్కువైతే ఆపడం లాభం, తక్కువైతే నష్టం.

చెరగని మెమరీ ఉన్న చిప్ లేవడానికి 0.01 మిల్లీజౌల్ చాలనుకుందాం. దాన్ని 60 మిల్లీవాట్లతో భాగిస్తే 0.17 మిల్లీసెకను. అంతకన్నా ఎక్కువ విరామం ఎప్పుడు దొరికినా ఆపేయవచ్చు.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న జాగాయే చెరగని మెమరీ అసలు రంగం. పదిహేను నిమిషాలకోసారి లేచి నీటి మట్టం కొలిచే పరికరానికి ఎస్‌ర్యామ్ చిప్‌ను పూర్తిగా ఆపి మళ్లీ ఎక్కించినా పెద్ద నష్టం లేదు. ఎప్పుడూ ఆగకుండా పనిచేసే డేటా సెంటర్ చిప్‌కు అసలు విరామమే లేదు, కాబట్టి అక్కడా పెద్ద లాభం లేదు. సెకనులో చాలాసార్లు పని చేసి, మధ్యలో కాసేపు ఖాళీగా ఉండే పరికరాలకే లాభం ఎక్కువ.

అదే లెక్క తుమామా ఎండలో

రోడ్డు పక్కన సోలార్ ప్యానెల్‌తో నడిచే కెమెరా ఒకటి ఉందనుకుందాం. సెకనుకు ఐదు బొమ్మలు. ఒక్కో బొమ్మకు చిప్ 20 మిల్లీసెకన్లు పని చేస్తుంది, 180 మిల్లీసెకన్లు ఖాళీ.

25 డిగ్రీల దగ్గర: పనికి 300 మిల్లీవాట్ల చొప్పున 6 మిల్లీజౌళ్లు. ఎస్‌ర్యామ్ చిప్ ఆన్‌లోనే ఉంటే ఖాళీ సమయంలో 60 మిల్లీవాట్ల చొప్పున మరో 10.8. మొత్తం 16.8. ప్రతిసారీ ఆపి ఎక్కించాలంటే 30 అదనం, ఇంకా నష్టం. చెరగని మెమరీ ఉన్న చిప్‌కు పనికి 6, లేవడానికి 0.01. ఆదా దాదాపు 64 శాతం.

వేడిలో: లీకేజీ మూడు రెట్లయి 180 మిల్లీవాట్లకు చేరిందనుకుందాం. పని ఖర్చు 8.4కు పెరుగుతుంది. ఎస్‌ర్యామ్ చిప్ ఖాళీ సమయం ఖర్చు 32.4. మొత్తం 40.8. ఆపి ఎక్కించే ఖర్చు కూడా 42కు పెరుగుతుంది, కాబట్టి అదీ దారి కాదు. చెరగని మెమరీ ఉన్న చిప్‌కు అంతా కలిపి 8.4 చిల్లర. ఆదా దాదాపు 79 శాతం.

అంటే ఎండ పెరిగేకొద్దీ నిద్రపోగలగడం విలువ పెరుగుతుంది. పని భారం అంతే, చిప్ అంతే. మారింది ఉష్ణోగ్రత ఒక్కటే.

ఈ ఆదాను ఇంటి కరెంటు బిల్లుతో పోల్చి చూస్తే నిరాశే. ఒక చిప్‌కు వేడి లెక్కన మిగిలేది సగటున 0.16 వాట్. ఏడాదికి ఒకటిన్నర యూనిట్లు కూడా కాదు. ఇంట్లో ఏసీ కొన్ని గంటల్లో తినేదంత. ఖతార్ విద్యుత్ సంస్థ కహ్రామా 2012 నుంచి నడుపుతున్న తర్షీద్ పొదుపు కార్యక్రమం చెప్పే జాగ్రత్తలు ఇంటికి ఎక్కువ మేలు చేస్తాయి.

బ్యాటరీ దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. పై లెక్కలో ఎస్‌ర్యామ్ చిప్ సగటు ఖర్చు 204 మిల్లీవాట్లు, రెండోది 42. పన్నెండు గంటల రాత్రికి ఒకదానికి 2.45 వాట్ అవర్లు, రెండోదానికి అర వాట్ అవర్. కెమెరా లెన్సుకు, రేడియోకు అయ్యే ఖర్చు వేరు గానీ, చిప్ వంతు దాదాపు అయిదో వంతుకు తగ్గింది. బ్యాటరీ చిన్నదవుతుంది, ప్యానెల్ చిన్నదవుతుంది, పెట్టెలో వేడి తగ్గుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, నడివేసవిలో నిచ్చెన ఎక్కి బ్యాటరీ మార్చే మనిషికి ఆ పని తగ్గుతుంది. ఆ మనిషి మనవాడే కావచ్చు.

వేడి వల్ల మరోవైపు నష్టం

లాభం చెప్పి నష్టం దాచకూడదు. చెరగని మెమరీకి కూడా వేడి శత్రువే.

ఫ్లాష్ గడిలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వేడికి త్వరగా జారిపోతాయి. అందుకే కంపెనీలు రాసింది ఎన్నేళ్లు నిలుస్తుందో ఫలానా ఉష్ణోగ్రత దగ్గర అని షరతు పెట్టి చెబుతాయి. ఎంర్యామ్‌లో అయస్కాంతం దిక్కు తప్పకుండా నిలవడం, దాన్ని పట్టి ఉంచే శక్తికి, పరిసర వేడి శక్తికి మధ్య నిష్పత్తిపై ఆధారపడుతుంది. పదేళ్ల హామీకి ఆ నిష్పత్తి 60 దరిదాపుల్లో ఉండాలని ఇంజనీర్లు లెక్క వేస్తారు. వేడి పెరిగితే నిష్పత్తి తగ్గుతుంది. దాన్ని పెంచాలంటే అయస్కాంతాన్ని గట్టిగా చేయాలి, అప్పుడు రాయడానికి ఎక్కువ కరెంటు కావాలి.

రెండోది, ఎన్నిసార్లు రాయగలం అన్నది. ఫ్లాష్ రకం ఎఫ్‌పీజీఏల కాన్ఫిగరేషన్‌ను మార్చడానికి కంపెనీ ఇచ్చే హామీ సాధారణంగా వందల్లోనో వేలల్లోనో ఉంటుంది. ఏడాదికి రెండు మూడు అప్‌డేట్‌లకు అది చాలు. నిమిషానికోసారి సర్క్యూట్ మార్చే పనికి చాలదు. ఎంర్యామ్ ఈ విషయంలో చాలా మెరుగు.

మూడోది, తయారీ తరం. ఎస్‌ర్యామ్ గడిని ఏ కొత్త తయారీ పద్ధతిలోనైనా వెంటనే చేయవచ్చు. చెరగని గడికి అదనపు పొరలు, అదనపు మెట్లు కావాలి కాబట్టి అవి ఒకటి రెండు తరాలు వెనుక ఉంటాయి. పోలార్‌ఫైర్ 28 నానోమీటర్లలో వచ్చిన నాటికే పెద్ద ఎస్‌ర్యామ్ ఎఫ్‌పీజీఏలు 16 నానోమీటర్లకు చేరాయి. అత్యధిక వేగం కావాలంటే ఇప్పటికీ ఎస్‌ర్యామ్ చిప్‌లదే పైచేయి. మన లెక్కలో రెండు చిప్‌లకూ పని ఖర్చు సమానమని అనుకున్నాం. నిజంగా కొనేటప్పుడు దాన్ని సరిచూసుకోవాలి.

రెండు దారులూ కలిసే ఊరు హైదరాబాద్

ఈ పోటీలో ఎస్‌ర్యామ్ వైపు ముందున్న జైలింక్స్‌కు హైదరాబాద్‌లో ఏళ్లుగా పెద్ద అభివృద్ధి కేంద్రం ఉంది. 2022 ఫిబ్రవరిలో జైలింక్స్‌ను ఏఎండీ కొనడంతో అది ఏఎండీలో భాగమైంది. చెరగని మెమరీ వైపున్న మైక్రోచిప్ 2023 జూలైలో హైదరాబాద్ వన్ గోల్కొండ టవర్‌లో కొత్త పరిశోధన, అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది. భారత్‌లో కొన్నేళ్లపాటు 30 కోట్ల డాలర్ల పెట్టుబడిలో భాగంగా దీన్ని ప్రకటించింది. ప్రపంచంలో ఈ రెండు పద్ధతులకూ ప్రతినిధులుగా ఉన్న కంపెనీలు మన ఊళ్లోనే ఇంజనీర్లను తీసుకుంటున్నాయి.

దోహాలో ఉండి పిల్లల్ని హైదరాబాద్, వరంగల్, విజయవాడల్లో ఈసీఈ చదివిస్తున్న తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. వెరిలాగ్ నేర్చుకుని బోర్డు మీద లైటు వెలిగించడం దాకా చాలామంది వస్తారు. కరెంటు లెక్క చూడగలవారు తక్కువ.

పిల్లలతో చేయించదగిన చిన్న ప్రయోగం ఒకటుంది, దీనికి బోర్డు కూడా అక్కర్లేదు. జైలింక్స్ చిప్‌లకు వాడే వివాడో సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా దొరికే వెర్షన్ ఆర్టిక్స్-7ను సపోర్ట్ చేస్తుంది. ఏదైనా చిన్న డిజైన్ పూర్తి చేసి పవర్ రిపోర్ట్ తీయాలి. అందులో పరిసర ఉష్ణోగ్రతను 25 నుంచి 50కి, ఆపైకి మారుస్తూ స్టాటిక్ పవర్ అనే అంకె ఎలా పెరుగుతుందో రాసుకోవాలి. మైక్రోచిప్ చిప్‌లకు వాడే లిబెరో సాఫ్ట్‌వేర్‌లోని స్మార్ట్‌పవర్‌తో కూడా ఇదే చేయవచ్చు. రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి, ఎన్ని మిల్లీసెకన్ల విరామానికి ఆపడం లాభమో లెక్క కట్టిస్తే చాలు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు అంతకన్నా మంచి మొదలు ఉండదు.

కొనే ముందు అడగాల్సినవి

ఇక్కడ పరికరాలు కొనే, అమర్చే పనిలో ఉన్నవారు సరఫరాదారును ఈ ప్రశ్నలు అడగాలి.

1. స్టాటిక్ పవర్ ఎంత? ఏ ఉష్ణోగ్రత దగ్గర కొలిచారు? 25 డిగ్రీల అంకె ఒక్కటే చూపిస్తే 85 డిగ్రీల అంకె కూడా ఇవ్వమనండి.

2. చిప్ గ్రేడ్ ఏది? కమర్షియల్ గ్రేడ్ సాధారణంగా చిప్ లోపలి ఉష్ణోగ్రత 85 డిగ్రీల వరకు, ఇండస్ట్రియల్ గ్రేడ్ 100 డిగ్రీల వరకు. ఆరుబయట పెట్టెకు రెండోదే కావాలి.

3. పరికరం సెకనులో ఎంత భాగం పనిచేస్తుంది, ఎంత భాగం ఖాళీగా ఉంటుంది? విరామం లేని పరికరానికి చెరగని మెమరీ పేరుతో ఎక్కువ ధర పెట్టనక్కర్లేదు.

4. నిద్ర నుంచి లేవడానికి ఎంత సమయం? లేచాక సగంలో ఉన్న లెక్కలు నిలుస్తాయా, మొదటి నుంచి మొదలవుతాయా?

5. రాసింది ఎన్నేళ్లు నిలుస్తుంది, ఏ ఉష్ణోగ్రత దగ్గర? ఎన్నిసార్లు తిరిగి రాయవచ్చు?

6. ఆన్ చేసిన క్షణంలో ఒక్కసారిగా లాగే కరెంటు ఎంత? చిన్న బ్యాటరీ, చిన్న ప్యానెల్ మీద నడిచే పరికరం ఇక్కడే మొరాయిస్తుంది.

ఈ ఆరింటికి డేటాషీట్ నుంచి జవాబు చూపించగలిగిన సరఫరాదారును నమ్మవచ్చు. నోటిమాటతో సరిపెట్టేవారి దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చెరగని మెమరీ ఉన్న చిప్ ప్రతి పెట్టెకూ అక్కర్లేదు. తరచుగా కొద్దికొద్దిసేపు ఖాళీగా ఉంటూ, ఎండలో, బ్యాటరీ మీద నడిచే పెట్టెకు మాత్రం అది పెట్టిన డబ్బుకు తగిన ఫలితం ఇస్తుంది. అలాంటి పెట్టెలు అల్ తుమామా రోడ్ల మీద ఉన్నాయి, అనంతపురం పొలాల్లో కూడా ఉన్నాయి.